వాంటూ కొండ చుట్టూ సైకిల్ మీద: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఫ్రాన్స్‌లో ఉంటానని తెలిసిన సైక్లింగ్ మిత్రులు ఏటా ఫిబ్రవరి, మార్చి వచ్చేసరికి మెసేజీలు మొదలుపెడతారు. హైదరాబాద్ నుంచి ఒకరు, డాలస్ నుంచి ఇంకొకరు, మధ్యలో బెంగళూరు బ్యాచ్. ఊళ్ళు వేరైనా డౌట్లు అవే. విడివిడిగా టైప్ చేసి చేసి విసుగొచ్చి, అన్నీ ఒకచోట రాసి పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి. వరసగా చదవాల్సిన పని లేదు.

## అనుకుంటున్నప్పుడు

ఫ్రాన్స్‌లో కొండలంటే ఆల్ప్స్ కదా, ఈ వాంటూ ఎందుకు?

ఆల్ప్స్ బాగుంటాయి, కాదనను. కానీ అక్కడ ఎక్కుడు అయ్యాక మిగిలేది చాలాసార్లు లోయలోని పెద్ద రోడ్డు, దాని మీద లారీలు. దక్షిణాన ప్రొవాన్స్ ప్రాంతంలో, వోక్లూజ్ జిల్లాలో ఉన్న వాంటూ కొండ అలా కాదు. 1,910 మీటర్ల ఎత్తున ఒంటరిగా నిలబడి ఉంటుంది. చుట్టూ ద్రాక్షతోటలు, చెర్రీ చెట్లు, లావెండర్ పొలాలు, గుట్ట మీద రాతి ఊళ్ళు, వాటిని కలిపే సన్నటి జిల్లా రోడ్లు. శిఖరం ఒక్క పూట పని. మిగతా నాలుగు రోజులూ ఆ చిన్న రోడ్ల మీద తిరగడానికే వెళ్ళాలని నేనంటాను. శిఖరం ఫోటో కోసమే వచ్చి రెండో రోజు వెళ్ళిపోయేవాళ్ళను చూస్తే, పెళ్ళికొచ్చి భోజనం చేయకుండా వెళ్ళినట్టు అనిపిస్తుంది.

పేరు ఎలా పలకాలి? ఒక్కొక్కరు ఒక్కోలా అంటున్నారు

ఫ్రెంచ్ వాళ్ళ నోట అది దాదాపు ‘మోన్ వాన్తూ’. మన చెవికి వాంతి గుర్తొస్తుంది, జూలై మధ్యాహ్నం ఎక్కితే అది నిజమూ కావచ్చు. అక్కడి ఊళ్ళ పేర్లలో చివరి అక్షరాలు చాలావరకు మింగేస్తారు. లావెండర్‌కు పేరున్న ‘సో’ ఊరి పేరులో ఇంగ్లిష్ అక్షరాలు ఐదుంటాయి, పలికేది మాత్రం ఒక్క ‘సో’. అందుకని చెవితో విన్న పేరు కోసం బోర్డుల మీద వెతక్కండి. రాత్రే మ్యాప్‌లో స్పెల్లింగ్ చూసి పెట్టుకోండి.

నంది హిల్స్ ఆగకుండా ఎక్కేస్తాను. ఇదీ ఎక్కగలనా?

ఎక్కగలరు, కానీ లెక్క వేరు. నంది ఎనిమిది కిలోమీటర్ల లోపు అయిపోతుంది. బెద్వాన్ ఊరి వైపు నుంచి వాంటూ సుమారు 21.5 కిలోమీటర్లు, ఎక్కే ఎత్తు 1,600 మీటర్ల దాకా, సగటు వాలు 7.5 శాతం. అంటే ఎత్తులో మూడు నందులు ఒకదాని మీద ఒకటి పెట్టినా ఇంకా కొంచెం మిగులుతుంది, మధ్యలో దిగుడు ఉండదు. బలం కంటే ఓపికతో పని. నందిని 35 నిమిషాల్లో ఊపిరాడకుండా ఎక్కేవాళ్ళు ఇక్కడ సగం దారిలో కూలబడటం చూశాను. తీరిగ్గా మాట్లాడుకుంటూ గంటన్నర ఎక్కగలిగేవాళ్ళు పైదాకా వెళ్ళారు.

ఏ నెలలో వెళ్ళాలి? లావెండర్ కూడా చూడాలి

సైకిల్‌కే అయితే మే చివర నుంచి జూన్ నెలాఖరు దాకా, లేదంటే సెప్టెంబర్. జూలై, ఆగస్టుల్లో కింద ఊళ్ళలో 35 డిగ్రీలు దాటడం మామూలే. సో పీఠభూమి మీద లావెండర్ జూలైలో నిండుగా ఉంటుంది, తర్వాత కోతలు మొదలవుతాయి. ఆగస్టు 15న ఆ ఊళ్ళో లావెండర్ పండగ చేస్తారు. రెండూ కావాలంటే జూలై మొదటి రెండు వారాలు చూసుకోండి, కానీ తెల్లవారి ఆరింటికల్లా సైకిలెక్కాలి.

చలికాలంలో శిఖరం రోడ్డు మంచు వల్ల మూసేస్తారు, సాధారణంగా నవంబర్ మధ్య నుంచి ఏప్రిల్ దాకా. మలోసెన్ ఊరి వైపు తెరవడానికి మే కూడా రావచ్చు. ఏప్రిల్‌లో టికెట్ కొనేసి ‘రోడ్డు తెరిచే ఉంటుందిగా’ అని నన్నడిగితే నేనేం చెప్పను!

వీసాకి ఎప్పుడు అప్లై చేయాలి?

ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి తీసుకుంటారు, ఆఖరి గడువు 15 రోజుల ముందు. ఆఖరిదాకా ఆగకండి, వేసవికి అపాయింట్‌మెంట్లు దొరకవు. పెద్దలకు షెంజెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చేది) ఫీజు 90 యూరోలు, సర్వీస్ చార్జీలు అదనం. కనీసం 30,000 యూరోల మెడికల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. పాలసీలో సైక్లింగ్‌ని ‘సాహస క్రీడ’ అని పక్కన పెట్టారేమో చిన్న అక్షరాలు చదవండి. అమెరికాలో ఉంటున్నా మీ చేతిలో ఉన్నది ఇండియన్ పాస్‌పోర్ట్ అయితే వీసా కావాల్సిందే. గ్రీన్ కార్డ్ దీనికి పనికిరాదు.

## సైకిల్, సామాను, తయారీ

నా సైకిల్ తీసుకెళ్ళాలా, అక్కడ అద్దెకు తీసుకోవాలా?

వారం లోపు ట్రిప్ అయితే అద్దెకే. బెద్వాన్, మలోసెన్, సో మూడు చోట్లా రోడ్ సైకిళ్ళు అద్దెకిచ్చే షాపులున్నాయి. ముందుగా మెయిల్‌లో బుక్ చేయండి, ఎత్తుతో పాటు గేర్లు ఏం కావాలో కూడా రాయండి. మీ పెడల్స్, షూస్, హెల్మెట్ ఇంటి నుంచే తెచ్చుకోండి. సీటు అలవాటైనవాళ్ళు సీటు కూడా తెచ్చుకుంటారు, అందులో సిగ్గుపడేదేమీ లేదు. డిపాజిట్ క్రెడిట్ కార్డ్ మీద బ్లాక్ చేస్తారు, డెబిట్ కార్డ్ ఒప్పుకోకపోవచ్చు.

సొంత సైకిల్ తెస్తే బాక్సుతో రైళ్ళు మారడం పెద్ద పని. ఎలక్ట్రిక్ సైకిల్ బ్యాటరీని ప్రయాణికుల విమానంలో ఎక్కించనివ్వరు, కాబట్టి అది అక్కడే అద్దెకు తీసుకోవాలి.

అద్దె సైకిల్ బ్రేకులు తిరగేసి ఉంటాయట, నిజమేనా?

నిజం. మన దగ్గర సాధారణంగా కుడి చెయ్యి ముందు బ్రేకు, ఎడమ చెయ్యి వెనక బ్రేకు. ఫ్రాన్స్‌లో ఎడమ చెయ్యే ముందు బ్రేకు. నాకు ఈ సంగతి తెలిసింది షాపు ముందు పార్కింగ్‌లో. ఎడం చేత్తో నీళ్ళ బాటిల్ పట్టుకుని కుడి చేత్తో బ్రేకు గట్టిగా పట్టాను. వెనక చక్రం జర్రున జారి, సైకిల్ అడ్డం తిరిగి, బాటిల్ వెళ్ళి ఎవరిదో కారు కింద పడింది. చదునులో కాబట్టి నవ్వుకున్నాం. అదే కంగారులో దిగుడు మీద ఎడమది బిగిస్తే ముందు చక్రం ఆగి మనిషి హ్యాండిల్ మీదుగా వెళ్తాడు. సైకిల్ తీసుకున్న వెంటనే ఒక్కో బ్రేకు విడిగా నొక్కి చూడండి. అలవాటు మార్చుకోలేం అనుకుంటే మార్చి ఇమ్మని అడగండి, కేబుల్ బ్రేకులైతే చాలా షాపులు మారుస్తాయి.

ఏ గేర్లు ఉండాలి? నాది 34-28

34-28 తో (ముందు పళ్ళచక్రానికి 34 పళ్ళు, వెనక దానికి 28) ఎక్కొచ్చు, కానీ మోకాళ్ళు పడే బాధ మీకే తెలుస్తుంది. లెక్క చూడండి: నిమిషానికి 60 సార్లు పెడల్ తిప్పితే 34-28 లో వేగం గంటకు 9 కిలోమీటర్లు దాటుతుంది, 34-32 లో సరిగ్గా 8 దగ్గర ఉంటుంది. మనిషి 75 కిలోలు, సైకిలూ నీళ్ళూ కలిపి 10 కిలోలు అనుకుంటే, 9 శాతం వాలు మీద 8 కి.మీ. వేగానికి 175 వాట్ల పైన చాలు. 9 దాటిన వేగానికి 200 దాకా కావాలి. ఆ తేడాని గంటకు పైగా మోయాలి. వెనక 32 లేదా 34 అడగండి. షాపువాడు మిమ్మల్ని చూసి ఏమీ అనుకోడు, అక్కడ అందరూ వేసుకునేది అదే.

ఎండాకాలంలో జాకెట్ ఎందుకు మొయ్యాలి?

కింద 30 డిగ్రీలుంటే పైన 18, 20 ఉంటుంది. పైగా గాలి. ఎక్కేటప్పుడు చెమటతో తడిసిన బట్టలతోనే గంటకు 50 కి.మీ. వేగంతో దిగాలి. మడిస్తే గుప్పిట్లో పట్టే విండ్ జాకెట్ చాలు. సన్నటి గ్లౌజులు ఉంటే ఇంకా మంచిది, వేళ్ళు కొంకర్లు పోతే బ్రేకు నొక్కలేరు.

హైదరాబాద్‌లో పెద్ద ఘాట్ లేదు. ప్రాక్టీస్ ఎలా?

ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ ఉంది కదా, అక్కడే. బరువైన గేర్ వేసి, నిమిషానికి 55, 60 తిప్పుడుతో 20 నిమిషాలు, ఐదు నిమిషాలు విరామం, మళ్ళీ 20. వారానికి రెండుసార్లు, రెండు నెలలు. విశాఖ వాళ్ళు అదృష్టవంతులు, అరకు ఘాట్ ఉంది. అది పొడుగ్గా, మెల్లగా ఎక్కే రకం, సో వైపు నుంచి వాంటూ ఎక్కుడుకి దగ్గరగా ఉంటుంది. ఎవరైనా సరే, సైకిల్ మీద రెండున్నర గంటలు ఆగకుండా కూర్చోవడం మాత్రం అలవాటు చేసుకోండి. బెద్వాన్ నుంచి మామూలు మనిషికి పట్టే టైమ్ దాదాపు అంతే.

## చేరుకోవడం, మకాం

పారిస్‌లో దిగాక ఎలా వెళ్ళాలి?

పారిస్ గార్ ద లియోన్ స్టేషన్ నుంచి హైస్పీడ్ రైలు, అవిన్యోన్‌కు దాదాపు 2 గంటల 40 నిమిషాలు. అవిన్యోన్‌లో రెండు స్టేషన్లున్నాయి, ఊరి మధ్యలో ఒకటి, హైస్పీడ్ రైళ్ళది ఊరవతల ఒకటి. టికెట్‌లో ఏది రాశారో చూసుకోండి. అక్కడి నుంచి కార్పాంత్రాకు లోకల్ రైలు ఉంది, అరగంట. కార్పాంత్రా నుంచి బెద్వాన్ 15 కిలోమీటర్లు, ట్యాక్సీ లేదా బస్సు. సైకిల్ వెంట ఉంటే హైస్పీడ్ రైలులో విప్పి సంచిలో పెట్టాలి, లేదా సైకిల్ చోటు ఉన్న రైలు చూసి ముందే బుక్ చేయాలి. మార్సెయ్ ఎయిర్‌పోర్ట్‌లో దిగితే దారి ఇంకా దగ్గర.

ఏ ఊళ్ళో ఉండాలి?

సైక్లిస్టుల సందడి, షాపులు, కాఫీ కావాలంటే బెద్వాన్. కొంచెం నిదానంగా ఉండాలి, ఉత్తరాన లోయలూ పడమట దాంతెల్ కొండలూ తిరగాలి అనుకుంటే మలోసెన్. సో 760 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి రాత్రిళ్ళు చల్లగా ఉంటుంది, జూలైలో అదొక వరం. కానీ ప్రతి రైడ్ చివరా ఎక్కాల్సి వస్తుంది. రోజుకో ఊరు మారే ప్లాన్ నాకు నచ్చదు. ఒకచోటే ఐదు రాత్రులు ఉండండి. గాలి ఎటు వీస్తుందో పొద్దున్నే చూసి, ఆ రోజు ఎటు వెళ్ళాలో అప్పుడు తేల్చుకోవచ్చు.

## దారులు

దిగిన మర్నాడే వాంటూ ఎక్కేయొచ్చా?

వద్దు. మొదటి రోజు బెద్వాన్, మలోసెన్‌ల మధ్య ఉన్న మాద్లెన్ కనుమ ఎక్కి దిగండి. 448 మీటర్లే, ఓక్ చెట్ల నీడ, కార్లు తక్కువ. సైకిల్ సెట్టింగ్, కుడి పక్కన నడపడం, బ్రేకులు అన్నీ అక్కడ సర్దుకుంటాయి.

మూడు వైపుల్లో ఏది తేలిక?

సో వైపు. 26 కిలోమీటర్లు ఉన్నా సగటు వాలు 4.5 శాతం లోపే. మొదటి 20 కిలోమీటర్లు అడవిలో హాయిగా సాగి, షాలే రేనార్ అనే మలుపు దగ్గర బెద్వాన్ రోడ్డులో కలుస్తుంది, ఆఖరి ఆరు కిలోమీటర్లు మాత్రం అందరికీ ఒకటే. మలోసెన్ వైపు 21 కిలోమీటర్లు. సగటు దాదాపు బెద్వాన్ అంతే, కానీ మెట్లు మెట్లుగా ఉంటుంది: కాసేపు తేలిక, వెంటనే 10, 11 శాతం. లయ దొరకదు. బెద్వాన్ వైపు అందరికీ తెలిసిన దారి, కష్టమైనది. తొలిసారి వెళ్ళేవాళ్ళకు నేను సో చెబుతాను, ఎవరూ వినరు, బెద్వానే ఎక్కుతారు.

బెద్వాన్ నుంచి ఎక్కుతుంటే ఎక్కడ ఎలా ఉంటుంది?

మొదటి ఐదున్నర, ఆరు కిలోమీటర్లు ద్రాక్షతోటల మధ్య. వాలు 4, 5 శాతం. కాళ్ళు తేలిగ్గా ఉంటాయి, పక్కవాడు దాటుతుంటాడు, మనకీ దాటాలనిపిస్తుంది. ఆగండి. ఆ పొలాలు చాలామందిని ముంచాయి.

సెంతెస్తేవ్ అనే చోట రోడ్డు ఎడమకు పెద్ద మలుపు తిరుగుతుంది. అక్కడి నుంచి తొమ్మిది కిలోమీటర్లు అడవి, సగటున 9 శాతం, చాలాచోట్ల 10. నిజమైన పరీక్ష ఇది. ఘాట్ రోడ్డులా హెయిర్‌పిన్ మలుపులుంటే ప్రతి మలుపులో రెండు సెకన్లు ఊపిరి దొరుకుతుంది. ఇక్కడ అవి దాదాపు లేవు. రోడ్డు తిన్నగా చెట్లలోకి వెళ్ళి, వంగి, మళ్ళీ తిన్నగా వెళ్తుంది. గాలి చొరబడదు, ఈగలు ముఖం చుట్టూ తిరుగుతాయి, తోలడానికి చెయ్యి తీసే ఓపిక కూడా ఉండదు. కిలోమీటరుకో రాయి, దాని మీద ఇంకా ఎంత దూరం, వచ్చే కిలోమీటరు సగటు వాలు ఎంత అని రాసి ఉంటుంది. 9.5 అని చదివాక ఆ కిలోమీటరు ఎప్పటికీ అయిపోదు. నేనైతే రాళ్ళ వైపు చూడటం మానేశాను.

ఈ అడవి పాతదేం కాదు. శతాబ్దాల పాటు తూలోన్ రేవులో కట్టే ఓడల కోసం, కట్టెల కోసం కొండని నరికేశారు. 1860ల నుంచి మళ్ళీ నాటారు. మీకు నీడనిస్తున్న ఆ దేవదారులు మనుషులు పెట్టినవే.

15 కిలోమీటర్ల దగ్గర షాలే రేనార్. రెస్టారెంట్ ఉంది, నీళ్ళు దొరుకుతాయి. ఇక్కడి నుంచి చెట్లు పూర్తిగా ఆగిపోతాయి. మిగిలిన ఆరు కిలోమీటర్లు తెల్లటి సున్నపురాతి చిప్పలు, దూరం నుంచి చూస్తే మంచు అనుకుంటారు. శిఖరం మీది టవర్ కళ్ళ ముందే కనిపిస్తుంది, దగ్గరికి రాదు. వాలు కొంచెం తగ్గినా గాలి మొదలవుతుంది. శిఖరానికి కిలోమీటరున్నర కింద కుడి పక్కన టామ్ సింప్సన్ స్మారక శిల. బ్రిటిష్ రైడర్. 1967 జూలై 13న టూర్ ద ఫ్రాన్స్‌లో (ఏటా జరిగే పెద్ద సైకిల్ రేసు), మండుటెండలో, అక్కడే కూలిపోయి చనిపోయాడు. 29 ఏళ్ళు. శరీరంలో యాంఫెటమిన్ అనే ఉత్తేజక మందులు దొరికాయి. ఆ రాయి మెట్ల మీద టోపీలు, వాటర్ బాటిళ్ళు, పాత ట్యూబులు పెట్టి వెళ్తుంటారు. ఆఖరి మలుపు 10 శాతం దాటుతుంది, అప్పటికి ఎవరికీ ఏమీ మిగలదు, అయినా అందరూ అక్కడ లేచి నిలబడి తొక్కుతారు.

దారిలో ఫోటోగ్రాఫర్లు మీ ఫోటో తీసి జేబులో కార్డు దోపుతారు. కొనాలన్న బలవంతం లేదు. కొంటాం.

శిఖరం వద్దు, అందమైన దారి ఒక్కటి చెప్పండి

నెస్క్ లోయ. వీల్-సుర్-ఓజోన్ నుంచి సో దాకా, కొండ పక్కన చెక్కిన పాత రోడ్డు. వాలు సగటున 2, 3 శాతమే. ఎడమ చేతి వైపు రాయి, కుడి చేతి వైపు అగాధం. అక్కడక్కడ చిన్న చిన్న సొరంగాలు. కస్తెలరాస్ దగ్గర, 734 మీటర్ల ఎత్తున, ఒక వ్యూపాయింట్. ఎదురుగా సముద్రమట్టానికి 800 మీటర్లు దాటిన నిట్టనిలువు రాతి గోడ, దాని పేరుకు ‘మైనపు బండ’ అని అర్థం, తేనెపట్టుల వల్ల వచ్చింది. ఎక్కేటప్పుడు ప్రవాహానికి ఎదురు దిశలో వెళ్తారు కాబట్టి లోయ మెల్లమెల్లగా విప్పుకుంటుంది, దిగుతూ చూస్తే సగం అందం పోతుంది. లోయలో నీళ్ళు దొరకవు, రెండు బాటిళ్ళూ నింపుకునే బయల్దేరండి. సో చేరాక నొగాత్ (తేనె, బాదం మిఠాయి) తినండి. బుధవారం అయితే సంత కూడా ఉంటుంది, 1515 నుంచీ జరుగుతోంది.

దక్షిణాన లూబెరోన్ వైపు ఊళ్ళు బాగుంటాయంటున్నారు. సైకిల్ మీద వెళ్ళొచ్చా?

వెళ్ళొచ్చు, వెనాస్క్ మీదుగా. వెనాస్క్ నుంచి 627 మీటర్ల ముర్ కనుమ ఎక్కుడు చాలా సాఫీగా ఉంటుంది, దిగితే ముర్, తర్వాత గోర్ద్. గోర్ద్ రాతి ఊరు, చూడాల్సిందే. కానీ వేసవిలో కార్లూ బస్సులూ చీమల బారు. తొమ్మిదింటి లోపు చూసి బయటపడితే మంచిది.

వాంటూ చుట్టూ తిరిగి రావచ్చా?

మా ఇంట్లో దిగిన వాళ్ళందరికీ ఇది నా మొదటి సలహా. మలోసెన్ నుంచి ఉత్తరాన తులూరాన్ లోయలోకి, కొండకి వేలాడుతున్నట్టుండే బ్రాంత్ ఊరు చూస్తూ మోంబ్రన్-లె-బాన్, అక్కడి నుంచి ఓరెల్ మీదుగా సో, నెస్క్ లోయ దిగి వీల్, ఫ్లసాన్, బెద్వాన్, మాద్లెన్ కనుమ, మళ్ళీ మలోసెన్. వంద కిలోమీటర్లకు అటూ ఇటూ. రోజంతా అదే కొండ, ఉత్తరాన నల్లగా అడవి, దక్షిణాన తెల్లగా రాయి. నెస్క్‌ని ఇందులో దిగాల్సి వస్తుంది, అది ఒక్కటే లోటు.

ఒకే రోజు మూడు వైపుల నుంచీ ఎక్కేవాళ్ళుంటారట?

ఉంటారు. దానికో క్లబ్ కూడా ఉంది, పేరుకు అర్థం ‘వాంటూ పిచ్చోళ్ళు’. ముందే పేరు నమోదు చేసుకుంటే కార్డు పంపుతారు, ఊళ్ళలోనూ శిఖరం మీదా ముద్రలు వేయించుకోవాలి. సుమారు 137 కిలోమీటర్లు, ఎక్కుడు 4,400 మీటర్లు. జూన్‌లో, పగలు ఎక్కువగా ఉన్నప్పుడు చేయండి. నేను చేయలేదు, చేయను.

## రోడ్డు మీద

ఏ రూల్స్ తప్పితే ఫైన్ పడుతుంది?

చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే 135 యూరోలు. ఒక చెవిలో పెట్టినా అంతే. లైట్లు, రిఫ్లెక్టర్లు, బెల్ ఉండాలి. ఊరి బయట చీకట్లో, మసకలో మెరిసే జాకెట్ తప్పనిసరి. హెల్మెట్ చట్టప్రకారం 12 ఏళ్ళ లోపు పిల్లలకే తప్పనిసరి, మీరు మాత్రం పెట్టుకోండి. ఇద్దరు పక్కపక్కన వెళ్ళొచ్చు, వెనక బండి దాటాలనుకుంటే ఒకరి వెనక ఒకరు రావాలి.

మనవాళ్ళను ఇబ్బంది పెట్టేది ఇంకొకటి: బోర్డు లేని కూడలిలో కుడి వైపు నుంచి వచ్చే బండిదే ముందు హక్కు. సందులోంచి ముసలాయన పాత కారులో అటూ ఇటూ చూడకుండా వచ్చేస్తాడు, తప్పు మీదే. ఊరి బయట కార్లు సైకిల్‌ని దాటేటప్పుడు మీటరున్నర దూరం ఇవ్వాలి, చాలామంది ఇస్తారు కూడా. హారన్ లేకుండా మన వెనకే ఓపిగ్గా వచ్చే కారుని చూస్తే మొదటి రోజు మనకే టెన్షన్ పుడుతుంది.

మిస్త్రాల్ గాలి అంటే ఏంటి? నిజంగా అంత భయమా?

ఉత్తరం, వాయవ్యం నుంచి రోన్ నది లోయలోకి దూసుకొచ్చే పొడి గాలి. ఒక్కోసారి రోజుల తరబడి ఆగదు. అక్కడి పాత ఇళ్ళకు ఉత్తరం గోడలో కిటికీలు అరుదు, చర్చి గంటల గోపురాలు చాలాచోట్ల ఇనుప పంజరాల్లా ఉంటాయి, గాలి లోంచి పోవడానికి. పొలాల అంచున సరివి చెట్ల వరసల్లాంటి సైప్రస్ గోడలు కూడా అందుకే. ఆకాశం నీలంగా మెరుస్తుంది కాబట్టి రోజు బాగుందనుకుంటాం, మోసం అక్కడే. గాలి రోజున శిఖరం జోలికి పోకండి. వెళ్ళేటప్పుడు గాలికి ఎదురు, వచ్చేటప్పుడు గాలి వీపున ఉండేలా లోయల్లో తిరగండి.

2016లో టూర్ ద ఫ్రాన్స్ వాళ్ళే గాలికి జడిసి ముగింపుని శిఖరం నుంచి షాలే రేనార్‌కి దించేశారు. బ్రిటిష్ రైడర్ క్రిస్ ఫ్రూమ్ సైకిల్ విరిగి, షూస్‌తో కొండ మీదికి పరుగెత్తింది ఆ రోజే.

నీళ్ళు, తిండి ఎక్కడ దొరుకుతాయి?

ఊరి కూడలిలో రాతి ఫౌంటెన్ ఉంటుంది. ‘ఓ నోన్ పొతాబ్ల్’ అని రాసి ఉంటే తాగకూడదు. ఏమీ దొరకనప్పుడు ఊరి శ్మశానంలోకి వెళ్ళండి, పూల కోసం పెట్టిన కుళాయి ఉంటుంది. మనకు ఇబ్బందిగా అనిపిస్తుంది, అక్కడి సైక్లిస్టులకు ఇది మామూలే.

షాపులు మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు, మూడు దాకా మూస్తారు. ఆదివారం మధ్యాహ్నం తర్వాత ఊరు నిద్రపోతుంది, సోమవారం చాలా బేకరీలకు సెలవు. రెస్టారెంట్‌లో భోజనం పన్నెండు నుంచి ఒంటిగంటన్నర. రెండింటికి వెళ్తే వంటగది కడిగేసి ఉంటారు, బతిమాలినా లాభం లేదు. పదకొండున్నరకే బేకరీలో ఏదో ఒకటి కొని జేబులో వేసుకోవడం నేర్చుకున్నాను. షాపులోకి అడుగు పెడుతూనే ‘బోంజూర్’ అనండి. అది లేకుండా నేరుగా ‘వాటర్’ అంటే ముఖం మాడ్చుకుంటారు.

శాకాహారులం. ఇబ్బంది పడతామా?

కొంచెం. చూడటానికి శాకాహారంలా ఉన్నవి కూడా అడిగి తినాలి. నల్ల ఆలివ్ ముద్ద తపెనాద్‌లో చాలాసార్లు ఆంకోవీ చేపలు ఉంటాయి, కీష్‌లో (గుడ్డు, క్రీముతో చేసే టార్ట్) పంది ముక్కలుండొచ్చు. రతతూయ్ (కూరగాయల కూర), మేక పాల చీజ్ సలాడ్, గుడ్డు తింటే ఆమ్లెట్, ఇవి చాలావరకు పర్వాలేదు, అయినా అడిగి తినండి. నేను కిచెన్ ఉన్న గది తీసుకుని రాత్రి అన్నం వండుకుంటాను. పులిహోర పేస్టు, కందిపొడి తెచ్చుకోండి. నెయ్యి, పాలకోవా మాత్రం సూట్‌కేసులో పెట్టకండి, యూరప్‌లోకి బయటి దేశాల పాల పదార్థాలు, మాంసం తేనివ్వరు.

దిగేటప్పుడు జాగ్రత్తలేంటి?

బ్రేకు అదేపనిగా పట్టి ఉంచకండి. మలుపుకు ముందు గట్టిగా పట్టి, వదిలి, తిరగండి. మలుపులో మీ లైన్ దాటి ఎడమకు పోవద్దు, ఎదురుగా కార్లూ, ఎక్కే సైకిళ్ళూ ఉంటాయి. ‘గ్రవియోన్’ అన్న బోర్డు కనిపిస్తే కొత్తగా చల్లిన కంకర చిప్స్ ఉన్నాయని అర్థం, అక్కడ సైకిల్ నిటారుగా ఉంచి మెల్లగా వెళ్ళాలి. ‘రూత్ బారే’ అంటే రోడ్డు మూసేశారు.

ఏదైనా అయితే ఎవరికి ఫోన్ చేయాలి?

112. ఏ ఫోన్ నుంచైనా ఉచితం. అంబులెన్స్‌కి నేరుగా 15. రోడ్డు పక్క రాయి మీద రోడ్డు నంబరు, కిలోమీటరు ఉంటాయి, అవి చదివి చెబితే వెతుక్కుంటూ వస్తారు. లోయల్లో సిగ్నల్ పోతుంది, అందుకే ఇద్దరుగా వెళ్ళడం మంచిది.

మధ్యలో ఓపిక అయిపోతే? వాపసు వచ్చేయడం చిన్నతనం కాదా?

సైకిల్ వెనక్కి తిప్పితే చాలు, ఊరు దాకా తొక్కాల్సిన పని లేదు. నా మొదటి ప్రయత్నం షాలే రేనార్‌లో ఆగిపోయింది. గాలికి సైకిల్ నిలబెట్టలేక గోడకి ఆనించి, ఓ కాఫీ, ఓ ఆపిల్ టార్ట్ తిని దిగిపోయాను. పక్క టేబుల్ మీద అరవై దాటిన ముగ్గురు ఫ్రెంచ్ పెద్దాయనలు కూడా అదే పని చేశారు. వాళ్ళు ఆ కొండ కిందే ఉంటారట. ‘రేపు వస్తాం’ అన్నారు. నాకు మర్నాడు రైలు ఉంది. మళ్ళీ వెళ్ళడానికి పదకొండు నెలలు పట్టింది.